కాలిఫోర్నియా స్టోర్‌లో మైనర్ పిల్లలు కౌంటర్ దగ్గరుంటే మద్యం అమ్మకంలో పాటించాల్సిన నియమాలు

కాలిఫోర్నియాలో గ్యాస్ స్టేషన్‌నో కిరాణా స్టోర్‌నో సొంతంగా నడుపుకుంటున్న తెలుగు కుటుంబాల్లో, బడి అయ్యాక పిల్లలు వచ్చి కౌంటర్ దగ్గర చేయందించడం మామూలే. అయితే అదే కౌంటర్ మీద బీరు, వైన్ కూడా అమ్ముడవుతున్నప్పుడు ‘మా షాపు, మా పిల్లాడు’ అన్న సమాధానం చట్టం ముందు నిలవదు.

ముందుగా కొనేవారి వయసును, అమ్మేవారి వయసును వేరువేరుగా చూడాలి. కొనడానికి 21 ఏళ్లు నిండాలన్న నియమం, 1984 నాటి ఫెడరల్ చట్టం తెచ్చిన ఒత్తిడి వల్ల, అన్ని రాష్ట్రాల్లోనూ ఉంది. అమ్మేవారి వయసును మాత్రం ఏ రాష్ట్రానికి ఆ రాష్ట్రమే నిర్ణయించుకుంటుంది. వాషింగ్టన్ రాష్ట్రంలో కిరాణా స్టోర్ ఉద్యోగి 18 ఏళ్లు నిండితేనే మద్యం అమ్మగలడు, అదీ 21 నిండిన పెద్దవారు డ్యూటీలో ఉండి పర్యవేక్షిస్తుంటేనే. అందుకే వేరే రాష్ట్రంలో స్టోర్ నడిపే బంధువుల మాట విని ఇక్కడ నడుచుకోకండి.

కాలిఫోర్నియాలో, కొన్న సీసాను బయటికి తీసుకెళ్లే రకం దుకాణాల్లో, 18 నిండనివారు మద్యం అమ్మాలంటే 21 ఏళ్లు నిండిన వ్యక్తి నిరంతర పర్యవేక్షణలోనే అమ్మాలి. లేకపోతే లైసెన్స్ సస్పెండ్ కావచ్చు, రద్దూ కావచ్చు. ‘నిరంతర’ అన్న మాటను ఉన్నదున్నట్టుగా తీసుకోవాలని నా గట్టి అభిప్రాయం. తండ్రి వెనక కూలర్‌లో పాల డబ్బాలు సర్దుతున్నాడు, పదహారేళ్ల కొడుకు రిజిస్టర్ దగ్గర బీరు ప్యాక్‌ను స్కాన్ చేస్తున్నాడు అనుకోండి: తండ్రి స్టోర్‌లోనే ఉన్నా అది పర్యవేక్షణ అని నమ్మకండి. పక్కన పంతొమ్మిదేళ్ల అన్న ఉన్నా సరిపోదు. మద్యం కౌంటర్ మీదికి రాగానే చేయి ఆపి పెద్దవారిని పిలవడం పిల్లలకు అలవాటు చేయండి.

గ్యాస్‌తో పాటు బీరు, వైన్ అమ్మే స్టోర్లకు మరో షరతు ఉంది. రాత్రి 10 నుంచి 2 గంటల వరకు వాటిని అమ్మే ఉద్యోగికి 21 ఏళ్లు నిండి ఉండాలి. రాత్రి షిఫ్టుల పట్టీ వేసేటప్పుడు చాలామంది మరిచిపోయేది ఇదే.

ఇక పని విషయానికొస్తే, తల్లిదండ్రుల సొంత వ్యాపారంలో పిల్లలు పనిచేయడానికి ఫెడరల్ కార్మిక చట్టం కొన్ని మినహాయింపులు ఇస్తుంది. మద్యం నియమాలకు వాటితో సంబంధం లేదు. పైగా కాలిఫోర్నియాలో దుకాణంలో పనిచేసే సొంత పిల్లలకైనా బడి ద్వారా వర్క్ పర్మిట్ తీసుకోవాలి. 16, 17 ఏళ్లవారు సాధారణంగా బడి ఉన్న రోజున 4 గంటలకు మించి పనిచేయకూడదు. హెచ్-4 వీసా మీదున్న పిల్లలకు ఉద్యోగ అనుమతి లేకపోతే వారిని అసలు పనిలో పెట్టకండి.

కొనేవారి ఐడీ చూడటం కూడా పిల్లలకు నేర్పాలి. 21 లోపువారికి ఇచ్చే కాలిఫోర్నియా డ్రైవింగ్ లైసెన్స్ నిలువుగా ఉంటుంది, 21 ఏళ్లు ఎప్పుడు నిండుతాయో దాని మీదే ముద్రించి ఉంటుంది. గడువు తీరిన కార్డును ఒప్పుకోకూడదు. 21 ఏళ్లు నిండనివారికి మద్యం అమ్మిన ఉల్లంఘనలు 36 నెలల్లో మూడు నమోదైతే లైసెన్స్ రద్దు చేసే అధికారం ప్రభుత్వానికి ఉంది. తనిఖీ కోసం అధికారులే 20 ఏళ్లలోపు యువకులను కొనుగోలుదారులుగా పంపుతారు కాబట్టి, తెలిసిన ముఖమైనా సరే, క్యూలో పదిమంది ఉన్నా సరే, పుట్టినతేదీ చదివాకే, అనుమానముంటే కార్డును పక్కనున్న పెద్దవారికి చూపించాకే అమ్మకం పూర్తిచేయాలి.