క్యాంపస్ మూతపడినప్పుడు మనసు నిలబెట్టుకోవడం: విద్యార్థులకు, అధ్యాపకులకు కొన్ని ఆచరణ సూచనలు

కోవిడ్ కారణంగా 2020 మార్చి 25న దేశవ్యాప్త లాక్‌డౌన్ మొదలయ్యేనాటికి మన విశ్వవిద్యాలయాల హాస్టళ్లు చాలావరకు ఖాళీ అయ్యాయి. రెండు వారాల్లో తిరిగి వస్తామనుకున్న పిల్లలు పుస్తకాలు, దుప్పట్లు, కొందరైతే సర్టిఫికెట్లు కూడా గదుల్లోనే వదిలి ఊళ్లకు వెళ్లారు. ఆ తాళాలు నెలల తరబడి తెరుచుకోలేదు. ఆ కాలంలో ఇరవై మంది విద్యార్థుల బాగోగులు చూసే బాధ్యత నా మీద ఉండేది. వాళ్లను రోగభయం కంటే ఎక్కువగా కుంగదీసింది ఏ సంగతీ తేలకపోవడమేనని, "ధైర్యంగా ఉండు" అన్న మాట వాళ్లలో ఒక్కరికీ ఉపయోగపడలేదని అనుభవం మీద తెలుసుకున్నాను. అందుకే ఈ సూచనలను ఓదార్పు మాటలతో కాక సమాచారంతో మొదలుపెడుతున్నాను.

చివరి సంవత్సరం పరీక్షల సంగతే తీసుకోండి. సెప్టెంబరు నెలాఖరుకల్లా వాటిని పూర్తిచేయాలని విశ్వవిద్యాలయాలను పర్యవేక్షించే కేంద్ర సంస్థ యూజీసీ 2020 జూలై 6న ఆదేశించింది, రద్దు చేయాలని కొన్ని రాష్ట్రాలు కోరాయి, చివరికి ఆగస్టు 28న సుప్రీంకోర్టు యూజీసీ పక్షానే తీర్పు చెప్పింది. ఈ ఏడెనిమిది వారాలూ విద్యార్థి చదవాలో వద్దో తెలియక, చదివినా బుర్రకెక్కక గడిపాడు. ఇటువంటప్పుడు ప్రతి విభాగమూ వారంలో ఒక రోజు, ఒకే వేళకు, ఒకే అధ్యాపకుడి ద్వారా తేలిక తెలుగులో ఒక సందేశం పంపాలి. అందులో తేలిన విషయం, తేలని విషయం, మళ్లీ ఎప్పుడు చెబుతారన్నది ఉంటే చాలు. చెప్పడానికి ఏమీ లేని వారంలో కూడా "ఈ వారం నిర్ణయమేదీ రాలేదు, వచ్చే శనివారం సాయంత్రం మళ్లీ రాస్తాం" అని పంపాలి, ఎందుకంటే మనం మౌనంగా ఉన్న చోట వాట్సాప్ పుకార్లు చేరతాయి. పరీక్ష ఫీజు గడువు, ఫీజు రీయింబర్స్‌మెంట్, హాస్టల్ మెస్ బకాయిలు కూడా ఈ సందేశంలోకే రావాలి; నాకు అర్ధరాత్రి వచ్చిన ప్రశ్నల్లో ఎక్కువ భాగం వీటి గురించే. విద్యార్థులు తమ వంతుగా వార్తలు చూడడాన్ని పొద్దున ఒకసారి, సాయంత్రం ఒకసారికి పరిమితం చేసుకోవడం, ఎవరో పంపిన సర్క్యులర్‌ను విశ్వవిద్యాలయం వెబ్‌సైట్‌లో చూసుకోకుండా నమ్మకపోవడం మంచిది.

ఆన్‌లైన్ తరగతిలో కెమెరా తెరవాలని పట్టుబట్టకూడదు. ఒకసారి ఒక అమ్మాయి నా ప్రశ్నకు జవాబు చెప్పడానికి మైకు తెరవగానే వెనక గేదె అరుపు, దాని మీదుగా "ఆ ఫోను ఇక చాలు, పొయ్యి దగ్గరికి రా" అన్న తల్లి గొంతు వినిపించాయి, ఎవరో నవ్వారు, ఆ సెమిస్టర్ ముగిసేదాకా ఆ అమ్మాయి మళ్లీ మైకు తెరవలేదు. ఒకే ఫోన్‌ను అన్న డిగ్రీకి, చెల్లెలు ఇంటర్‌కు పంచుకుంటున్న ఇళ్లు, సిగ్నల్ కోసం గుట్ట ఎక్కాల్సిన ఏజెన్సీ పల్లెలు మనకున్నాయన్నది గుర్తుంచుకొని, జవాబును రాతలోనో వాయిస్ సందేశంగానో పంపే వీలు కల్పించాలి, పాఠాన్ని తక్కువ డేటాతో దిగే ఆడియోగా కూడా అందించాలి. గంట పాఠాన్ని నలభై నిమిషాలకు కుదించడం చెప్పేవారికీ వినేవారికీ మేలు. వీడియో సమావేశాల్లో ఎదుటివారి ముఖాలను అంత దగ్గరగా చూస్తూ ఉండడం, తెర మీద తన ముఖాన్నే తాను చూసుకుంటూ ఉండడం, కదలకుండా కూర్చోవడం అలసటకు కారణాలని స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయ ఆచార్యుడు జెరెమీ బెయిలెన్సన్ 2021లో వివరించారు. తన బొమ్మ తనకు కనబడకుండా చేసుకునే వీలు సెట్టింగుల్లోనే ఉంది.

మానసిక సహాయానికి హెల్ప్‌లైన్లు ఏర్పాటు చేయాలని యూజీసీ 2020 ఏప్రిల్‌లోనే విశ్వవిద్యాలయాలకు సూచించింది. మంచిదే, కానీ నోటీసులో అచ్చువేసిన నంబరుకు తనంతట తాను ఫోన్ చేసే విద్యార్థి అరుదు. అధ్యాపకుడే పదిహేను రోజులకొకసారి ఫోన్ చేయాలి. ఆ ఫోన్‌లో హాజరు గురించీ అసైన్‌మెంట్ గురించీ అడగకూడదు. "ఎలా ఉన్నావు?" అంటే "బాగున్నాను సార్" అనే వస్తుంది. రాత్రి ఎన్నింటికి పడుకుంటున్నావు, చదువుకోవడానికి ఇంట్లో చోటుందా, నాన్నగారికి పని దొరుకుతోందా అని విడివిడిగా అడిగి, ఆ తరువాత కాసేపు మాట్లాడకుండా ఉండాలి, ఎందుకంటే చాలాసార్లు అసలు సంగతి ఆ నిశ్శబ్దం తరువాతే బయటికి వస్తుంది. ఆడపిల్లల విషయంలో మరింత మెలకువ అవసరం. పరీక్షలెప్పుడో తేలని ఇళ్లలో పెళ్లి మాట ముందుకు వస్తుంది. అటువంటప్పుడు తండ్రికి ఫోన్ చేసి, పెళ్లి ప్రస్తావన ఎత్తకుండా, "మీ అమ్మాయికి ఇంకా రెండు సెమిస్టర్లు మిగిలాయి, బాగా చదువుతోంది" అని గౌరవంగా చెప్పడం కొన్నిచోట్ల పనిచేసింది.

2021 ఏప్రిల్, మే నెలల్లో కోవిడ్ రెండో దశ ఎన్నో ఇళ్లలో పెద్దదిక్కును తీసుకుపోయింది. తండ్రిని పోగొట్టుకున్న విద్యార్థి ఆ మాటను ఒక్కో అధ్యాపకుడికీ విడిగా చెప్పుకోవలసిన పరిస్థితి రాకూడదు. విభాగాధిపతే అందరికీ తెలియజేసి, గడువులన్నీ తానే వాయిదా వేయించాలి. కడసారి చూపు దక్కలేదని, కర్మకాండ సరిగా జరగలేదని పదేపదే చెబుతుంటే వినాలి తప్ప "అంతా మన మంచికే" అనకూడదు.

నిద్ర, ఆకలి చెడిపోవడం, ఇష్టమైన పనుల మీద కూడా ఆసక్తి పోవడం, తాను పనికిరానివాడినన్న భావన రెండు వారాలకు మించి ఉంటే వైద్యుడి దగ్గరికి పంపవలసిందే. "నేను లేకపోతేనే అందరికీ మేలు" అన్న మాట వచ్చినా, దాచుకున్న వస్తువులు పంచిపెడుతున్నా రెండు వారాలు ఆగకూడదు. చనిపోవాలన్న ఆలోచన వస్తోందా అని సూటిగా అడగాలి. అడిగితే లేని ఆలోచన పుడుతుందన్నది అపోహ. అవునంటే ఒంటరిగా వదలకుండా, ఇంట్లో నమ్మకమైన ఒకరిని పిలిపించి, పురుగుమందులు, మాత్రలు తాళం వేయించి, ఎవరో ఒకరు పక్కన కూర్చునేదాకా ఫోన్ పెట్టకూడదు. 2020 జూలైలో కేంద్రం విద్యార్థులు, వారి కుటుంబాలు, అధ్యాపకుల కోసం మనోదర్పణ్ అన్న సహాయ వ్యవస్థను మొదలుపెట్టింది. 2022 అక్టోబరు 10న ఫోన్‌లోనే మానసిక సహాయం అందించే ప్రభుత్వ సేవ టెలి మానస్ వచ్చింది. 14416కు రోజులో ఏ వేళ ఫోన్ చేసినా ఉచితం, తెలుగులో మాట్లాడవచ్చు. హైదరాబాదులో ఎర్రగడ్డలోనూ విశాఖపట్నంలోనూ ప్రభుత్వ మానసిక వైద్యశాలలున్నాయి. "పిచ్చాసుపత్రి" అన్న మాటకు జడిసి ఆగేవారికి, చికిత్స వివరాలు గోప్యంగా ఉంచడం 2017 నాటి మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం రోగికి ఇచ్చిన హక్కు అని చెప్పాలి.

ఇక అధ్యాపకులు. తరగతికింత చొప్పున జీతం తీసుకునే పార్ట్‌టైమ్, అతిథి అధ్యాపకులకు కళాశాల మూతపడగానే రాబడి ఆగిపోయింది. అటువంటి వారికి ధ్యానం గురించి వెబినార్ పెట్టడం కంటే బకాయిలు చెల్లించడమే మానసిక ఆరోగ్యానికి మొదటి మందు. రెగ్యులర్ ఉద్యోగంలో ఉన్నవారి ఇబ్బంది వేరు. నేను మూడు నెలలపాటు రాత్రి ఒంటిగంటకు వచ్చిన సందేశానికి కూడా జవాబిచ్చాను. అదే సేవ అనుకున్నాను. చివరికి నాకే నిద్ర కరవై, చిన్న ప్రశ్నకు కూడా విసుక్కోవడం మొదలుపెట్టాక, మా ఆవిడ రోజూ తొమ్మిదింటికి ఫోన్ తీసి వంటింట్లో బియ్యం డబ్బా మీద పెట్టసాగింది. కాబట్టి వేళలు ముందే ప్రకటించాలి, రాత్రి అత్యవసరాలకు ఇద్దరు ముగ్గురు అధ్యాపకులు వంతులు వేసుకోవాలి, విద్యార్థి చెప్పిన బరువైన విషయాన్ని, పేరు బయటపెట్టకుండానైనా, ఒక సహోద్యోగితోనో కౌన్సెలర్‌తోనో పంచుకోవాలి. ముప్పై ఏళ్లు నల్లబల్ల మీద పాఠం చెప్పినవారు తెర పంచుకోవడం రాక పిల్లల ముందు చిన్నబోతుంటే, మొదటి వారం ఒక పరిశోధక విద్యార్థి పక్కనుండి సాయపడితే చాలు. ల్యాబ్ మూతపడి థీసిస్ ఆగిన పరిశోధకులు గడువు పొడిగింపును నోటిమాటగా కాక రాతపూర్వకంగా అడగాలి.

క్యాంపస్ తిరిగి తెరిచాక మొదటి రెండు వారాల్లో ఇంటర్నల్ పరీక్షలు పెట్టకూడదు. వచ్చినవారి సంగతి ఎలాగూ కంటికి కనబడుతుంది; రానివారిదే చూడాలి. హాజరుపట్టీలో వరుసగా మూడు రోజులు గైర్హాజరు పడిన పేరుకు ఆ సాయంత్రమే ఫోన్ చేయాలి, ఫోన్ కలవకపోతే ఆ ఊరి వైపు నుంచే వచ్చే మరో విద్యార్థిని అడిగి ఇంటికి కబురు పంపాలి.