కాల్‌కి ముందు మైక్ చూసుకోండి

భీమవరంలో కూర్చుని హైదరాబాద్ ఇంటర్వ్యూకి మాట్లాడాలా? పావుగంట ముందే మొదలుపెట్టండి.

- హెడ్‌సెట్ వైరు మీద మ్యూట్ బటన్ నొక్కి ఉందేమో చూడండి. నవ్వకండి, చాలాసార్లు దొంగ అదే.
- పాత డెస్క్‌టాప్ అయితే మైక్ పిన్ను గులాబీ రంగు సాకెట్‌లో పెట్టాలి.
- విండోస్ 11లో సెట్టింగ్స్, సిస్టమ్, సౌండ్‌కి వెళ్లి ఇన్‌పుట్‌లో మీ మైక్ ఎంచుకోండి. మాట్లాడితే వాల్యూమ్ గీత కదలాలి. కదలకపోతే ప్రైవసీ సెట్టింగ్స్‌లో మైక్రోఫోన్ అనుమతి చూడండి. కదులుతున్నా అవతలివాళ్లకి వినపడట్లేదంటే, జూమ్‌లో వేరే మైక్ ఎంచుకుని ఉండొచ్చు.
- అర నిమిషం రికార్డు చేసి వినండి. ఫ్యాను హోరు, రొయ్యల చెరువులో ఏరియేటర్ల మోత మన చెవులకి అలవాటే, మైక్‌కి కాదు. కిటికీ మూసేయండి. మైక్ నోటికి ఎదురుగా కాకుండా కాస్త పక్కకి ఉంచితే ఊపిరి చప్పుడు పడదు.
- ల్యాప్‌టాప్ చార్జింగ్ నిండా ఉండాలి. కరెంటు సంగతి తెలిసిందేగా!