గొల్లభామ కుబుసం విడిచే వేళ: పట్టు, ఖాళీ, తేమ

పెంపుడు గొల్లభామ (ప్రేయింగ్ మాంటిస్) తిండి మానేసి, పెట్టె పైకప్పుని పట్టుకుని తలకిందులుగా కదలకుండా వేలాడుతోందా? జబ్బు చేసిందని కంగారు పడకండి. కుబుసం విడవబోతోంది. అయితే మీరు చేయాల్సిన పనిలో ముప్పాతిక వంతు ఈపాటికే అయిపోయి ఉండాలి. వ్యవహారం చెడిపోతే, దాని కారణం సాధారణంగా కుబుసం విడిచే ఆ అరగంటలో ఉండదు. పైకప్పు ఎలాంటిది, కింద ఎంత ఖాళీ ఉంది, అంతకుముందు వారమంతా నీళ్లు తాగిందా లేదా అన్నవాటిలో ఉంటుంది.

గుడ్డులోంచి వచ్చిన పిల్ల రెక్కలొచ్చేలోపు జాతిని బట్టి 6 నుంచి 9 సార్లు కుబుసం విడుస్తుంది. మగవి సాధారణంగా ఒకసారి తక్కువ. చిన్న వయసులో సుమారు రెండు వారాలకోసారి, చివరి దశల్లో నెల దాకా పట్టొచ్చు. పెట్టె చల్లగా ఉంటే ఇంకా ఆలస్యం. రెక్కలు పూర్తిగా వచ్చాక ఇక కుబుసం ఉండదు. కాబట్టి రెక్కలున్న గొల్లభామ తిండి మానేస్తే కారణం వేరే చోట వెతకాలి.

పైకప్పు, కింద ఖాళీ

పెట్టె ఎత్తు గొల్లభామ పొడవుకి కనీసం మూడింతలు, వెడల్పు రెండింతలు ఉండాలని అందరూ చెప్పేదే. కానీ కొలవాల్సింది పెట్టెను కాదు, అది వేలాడే చోటి నుంచి కింద తగిలే మొదటి అడ్డంకి దాకా ఉన్న ఖాళీని. 6 సెం.మీ. గొల్లభామ కుబుసంలోంచి జారినప్పుడు పైన 6 సెం.మీ. పాత తొడుగు, దాని కింద అంతకంటే పొడవైన కొత్త ఒళ్లు వేలాడతాయి. అంటే 13, 14 సెం.మీ. దాకా కావాలి. 20 సెం.మీ. పెట్టెలో అడుగున 5 సెం.మీ. కొబ్బరి పొట్టు పోసి, అందం కోసం మధ్యలో ఓ కొమ్మ అడ్డంగా పెట్టారంటే ఆ జాగా లేనట్టే. మెత్తగా ఉన్న తల, ముందుకాళ్లు ఆ కొమ్మకి తగిలి వంకరగా గట్టిపడతాయి.

నున్నటి ప్లాస్టిక్ మూత మీద బుల్లి పిల్లలు బాగానే నడుస్తాయి. అది చూసి మోసపోకూడదు. ఒళ్లు బరువెక్కేకొద్దీ చాలా జాతులకు ఆ పట్టు చాలదు. మూత లోపలివైపు దోమతెర లాంటి నెట్ గుడ్డను బిగుతుగా అంటించండి. జిగురు పూర్తిగా ఆరి, వాసన పోయాకే గొల్లభామను లోపల పెట్టాలి. ఇనుప జల్లెడ వద్దు, పాదాల కొసలు అందులో ఇరుక్కుని తెగుతాయి. ఇంకో మాట: పై మూత తీసే పెట్టె అయితే, గొల్లభామ ఆ మూతకే వేలాడుతుంటుంది గనక తీసిన ప్రతిసారీ దాన్ని కుదిపినట్టే. పక్కన తలుపున్న పెట్టె ఎంతో నయం.

నీళ్లు ఎందుకు ముఖ్యం

కుబుసం విడిచే ముందు పాత చర్మానికి, లోపల తయారైన కొత్త చర్మానికి మధ్య ఒక ద్రవం చేరి రెండిటినీ వేరు చేస్తుంది. తర్వాత గొల్లభామ గాలి మింగి, ఒంట్లోని ద్రవాన్ని ఛాతీ వైపు నెట్టి, పాత తొడుగును వీపు మీద పగలగొడుతుంది. ఒంట్లో నీరు తక్కువైతే ఆ ఒత్తిడి రాదు. గాలి మరీ పొడిగా ఉంటే సన్నటి కాళ్లు బయటికి రాకముందే చర్మాలు అంటుకుపోతాయి.

తేమ ఎంత ఉండాలన్నది జాతిని బట్టి. చైనీస్ మాంటిస్‌కి 50–60 శాతం సరిపోతుంది. ఆర్కిడ్ మాంటిస్‌కి 60–80 కావాలి. ఎండ, పొడి గాలి ఇష్టపడే ఇండియన్ వయొలిన్ మాంటిస్‌ను మాత్రం తడి పెట్టెలో ఉంచడమే తప్పు. ‘ఎంత తేమ ఉంటే అంత మంచిది’ అనే సలహాను నమ్మకండి. గాలి ఆడని తడి పెట్టెలో బూజు పడుతుంది. మామూలు రోజుల్లో రోజుకోసారి గోడల మీద సన్నటి తుంపర కొడితే అది తాగుతుంది, సాయంత్రానికి పెట్టె ఆరిపోతుంది. బుల్లి పిల్లలున్న డబ్బాలో పెద్ద చుక్కలు నిలవకూడదు, వాటిలో చిక్కుకుని చస్తాయి.

ముందు కనిపించే గుర్తులు

చిన్నవి ఒకటి రెండు రోజుల ముందు తిండి మానేస్తాయి. రెక్కలొచ్చే చివరి కుబుసానికైతే వారం, ఒక్కోసారి ఇంకా ఎక్కువ. ఎర కనిపిస్తే పట్టుకోకపోగా తప్పుకుపోతుంది. చివరి కుబుసానికి ముందు వీపు మీది రెక్కల మొగ్గలు ఉబ్బి, విచ్చుకోబోతున్నట్టు ఉంటాయి.

ఈ గుర్తులు కనిపించగానే లోపలున్న ఎరనంతా తీసేయండి. కీచురాళ్లు మెత్తటి ఒంటిని కొరికేస్తాయి. ఈగ వచ్చి తగిలినా పట్టు తప్పొచ్చు. అప్పటిదాకా పొట్ట పగిలేలా మేపడం కూడా మంచిది కాదు, ఆ బరువంతా పాత చర్మపు గోళ్ల మీదే కదా వేలాడాలి.

ఆ అరగంట

వీపు మీద చీలిక, ముందు తల, ఛాతీ, తర్వాత కాళ్లు. చివరికి పొట్ట కొస ఒక్కటే పాత తొడుగులో ఉండగా గొల్లభామ తలకిందులుగా ఆగిపోతుంది. కొత్తవాళ్లు ఇక్కడే ఇరుక్కుపోయిందనుకుని చెయ్యి పెడతారు. పెట్టకండి. పట్టుకునేంత బలం కాళ్లకి రావడం కోసం ఆగింది, అంతే. పది, ఇరవై నిమిషాలకి పైకి వంగి కుబుసాన్నో నెట్‌నో పట్టుకుని పొట్టను లాక్కుంటుంది. ఈలోగా పెట్టె కదపకూడదు, మీద నీళ్లు కొట్టకూడదు.

పడిపోతే

కుబుసంతో సహా నేల మీద పడితే మాత్రం నిమిషాలు లెక్క. ట్వీజర్స్‌తో ఖాళీ పాత చర్మాన్ని మాత్రమే పట్టుకుని, తల కిందికి ఉండేలా క్లిప్‌తోనో దారంతోనో నెట్‌కి వేలాడదీయండి. కొత్త ఒంటిని వేళ్లతో తాకితే నొక్కిన చోట నొక్కినట్టే గట్టిపడుతుంది. పూర్తిగా బయటికొచ్చాక పడితే, నిలువుగా పెట్టిన నెట్ దగ్గరికి మెత్తటి బ్రష్‌తో చేర్చి పాకనివ్వండి.

కాలి కొసకి చర్మం అంటుకుపోతే గోరువెచ్చటి నీళ్లలో ముంచిన బ్రష్‌తో అక్కడే తడిపి కాసేపు ఆగండి. లాగితే కాలే ఊడొస్తుంది. ఊడినా, ఇంకా కుబుసాలు మిగిలి ఉంటే కాలు మళ్లీ మొలుస్తుంది, మొదట చిన్నగా. చివరి కుబుసంలో పోయింది మాత్రం తిరిగి రాదు. ముందుకాళ్లు వంకరపోతే ఎర పట్టలేదు గనక, చిదిమిన పురుగుని ట్వీజర్స్‌తో నోటికందించి తర్వాతి కుబుసం దాకా నెట్టుకురావచ్చు. ముడతలు పడ్డ రెక్కలు చూడ్డానికి బాగోవు గానీ ప్రాణానికేం కాదు.

బాగా జరిగినా 24 గంటలు ఎర పెట్టొద్దు, చివరి కుబుసమైతే రెండు మూడు రోజులు. దవడలూ ముందుకాళ్లూ గట్టిపడాలి. మొదటి ఎర గొల్లభామ తల కంటే పెద్దది కాకుండా, తన్నలేనిదిగా చూసి ఇవ్వండి. ఈగ చాలు.