బడి డేటాతో పిల్లల చదువు మెరుగుపరచడం ఎలా? హెచ్ఎంల (ప్రధానోపాధ్యాయుల) కోసం

శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల్లో ఏ హైస్కూలు హెచ్ఎం గదిలోకి వెళ్లినా గోడ నిండా డేటా ఉంటుంది. పిల్లల సంఖ్య, హాజరు శాతం, మధ్యమధ్యలో పెట్టే ఎఫ్ఏ (ఫార్మేటివ్ అసెస్‌మెంట్) పరీక్షల్లో ఎవరికి ఏ గ్రేడు, పదో తరగతి పాస్ శాతం, అన్నీ స్కెచ్ పెన్నులతో చక్కగా రాసి పెట్టి ఉంటాయి. బడుల వివరాలు నమోదు చేసే కేంద్ర ప్రభుత్వ పోర్టల్ యూడైస్ ప్లస్‌లో ఎక్కించేది వేరే, రోజూ యాప్‌లో పెట్టే హాజరు వేరే. ఇంత డేటా ఉండి కూడా తీసివేత రాని ఆరో తరగతి పిల్లవాడు అలాగే ఏడుకి వెళ్తున్నాడు. ఎందుకంటే ఆ అంకెలన్నీ పై ఆఫీసుకి పంపడం కోసం తయారైనవి. రేపు పొద్దున్న మొదటి పీరియడ్‌లో లెక్కల మేస్టారు ఏం చెప్పాలో వాటిలో ఎక్కడా ఉండదు.

అది తెలిసే పద్ధతి ఇది. హైస్కూలు కోసం రాస్తున్నాను గానీ ప్రాథమిక పాఠశాలకీ సరిపోతుంది.

కావలసినవి

ఈమధ్య రాసిన పరీక్ష జవాబు పత్రాల కట్ట, ఒక ఫోను లేదా ఆఫీసు కంప్యూటరు, అందులో ఎక్సెల్ లేదా గూగుల్ షీట్స్, ఒక రూళ్ల నోటుపుస్తకం. నెట్ సరిగ్గా రాని ఊళ్లలో ఎక్సెలే మేలు. కొత్త సాఫ్ట్‌వేర్ ఏదీ కొనకండి. డ్యాష్‌బోర్డులు అమ్మేవాళ్లు చూపించే రంగుల గ్రాఫుల్లో మీ దగ్గర లేని సమాచారం ఏమీ ఉండదు. మీరిచ్చిన మార్కులే రంగులేసి తిరిగిస్తారు.

మొదట: ఒక తరగతి, ఒక సబ్జెక్టు

అన్ని తరగతులూ ఒకేసారి మొదలుపెట్టకూడదు. ఆరో తరగతి లెక్కలతో మొదలుపెట్టాలి. చుట్టుపక్కల నాలుగైదు ప్రాథమిక పాఠశాలల పిల్లలు అక్కడే కలుస్తారు, ఎవరికి ఏం వచ్చో ఏం రాదో అక్కడే బయటపడుతుంది. పదో తరగతితో మొదలుపెట్టాలని అందరికీ ఉంటుంది, ఫలితాల టెన్షన్ అలాంటిది. కానీ జనవరిలో పదో తరగతి పిల్లలకి భిన్నాలు నేర్పాల్సి వస్తోందంటే ఆ పని ఆరులో జరగలేదన్నమాట.

తర్వాత: షీటు తయారుచేయడం

అడ్డంగా ప్రశ్నల నంబర్లు, నిలువుగా రోల్ నంబర్లు. పేర్లు వద్దు. జవాబు ఒప్పయితే 1 వేయండి. తప్పయితే సున్నా వేయకండి, పిల్లవాడు రాసిన జవాబునే ఉన్నది ఉన్నట్టు టైపు చేయండి. 45 అని రాస్తే 45, ఖాళీగా వదిలేస్తే ఖాళీ. ఈ పద్ధతికి ప్రాణం ఇదే. సున్నా వేసిన క్షణంలో తెలుసుకోవలసినదంతా చెరిగిపోతుంది. ఒక సెక్షన్‌కి ఒక పీరియడ్ పడుతుంది. ఓఎంఆర్ షీటు మీద పెట్టిన పరీక్షయితే రఫ్ పేపర్లు కూడా తీసుకోవాలి, దిద్దిన గుండ్రం చూసి ఆలోచన చెప్పలేం.

షీటు పూర్తయ్యాక ఎక్కువమంది తప్పు చేసిన ప్రశ్న ఒకటి పట్టుకోండి. ఒక్కటే. దాన్ని పిల్లల వారీగా కాకుండా జవాబుల వారీగా విడదీయండి.

అసలు కష్టమైన పని: తప్పు వెనక ఆలోచన పట్టుకోవడం

ఇక్కడే ఎక్కువ బడుల్లో పని చెడుతుంది, అందుకే నిదానంగా చెబుతాను.

52లోంచి 17 తీసేయమన్నారనుకోండి. జవాబు 35. తప్పు జవాబులు రాసినవాళ్లలో కొందరు 45 రాస్తారు, కొందరు 69, ఒకరిద్దరు 34 లేదా 36, ఇంకొందరు ఏమీ రాయరు. మార్కుల రిజిస్టరులో వీళ్లందరికీ సున్నాయే. రెమిడియల్ క్లాసులో అందరినీ ఒకే బెంచీల మీద కూర్చోబెట్టి తీసివేత మళ్లీ మొదటినుంచీ చెబుతారు. 69 రాసినవాడు గుర్తు చూడకుండా కూడేశాడు, వాడికి తీసివేత వచ్చే ఉండొచ్చు. 34, 36 రాసినవాళ్లకి పద్ధతి తెలుసు, లెక్కపెట్టడంలో ఒకటి జారింది. 45 రాసినవాడు మాత్రం ప్రతి స్థానంలోనూ పెద్ద అంకెలోంచి చిన్న అంకె తీసేస్తున్నాడు: అయిదులోంచి ఒకటి, ఏడులోంచి రెండు. వాడు అజాగ్రత్తగా చేయలేదు. తనకి తెలిసిన నియమాన్ని తూచా తప్పకుండా పాటించాడు, ఆ నియమమే తప్పు. 1978లోనే జాన్ సీలీ బ్రౌన్, రిచర్డ్ బర్టన్ అనే పరిశోధకులు పిల్లల తీసివేత తప్పులు పరిశీలించి ఈ సంగతి చూపించారు. చాలా తప్పులు గాలివాటంగా రావు, వాటి వెనక ఒక పద్ధతి ఉంటుంది, అది తెలిస్తే తర్వాతి లెక్కలో పిల్లవాడు ఏం రాస్తాడో ముందే చెప్పవచ్చు.

కాగితం చూసి మీరు వేసుకున్నది ఊహ మాత్రమే. దాన్ని పిల్లవాడి నోటివెంట విని తేల్చుకోవాలి. ఒక్కో రకం తప్పు నుంచి ఇద్దరిని పిలవండి. మీ గదికి పిలవద్దు. హెచ్ఎం గదికి రమ్మంటే పిల్లవాడికి సగం ప్రాణం అక్కడే పోతుంది. వరండాలో, అరుగు మీద, వాడి పక్కన కూర్చోండి. ఎదురుగా కూర్చోకూడదు, చేతిలో ఎర్ర పెన్ను ఉండకూడదు. వాడు ఒప్పుగా చేసిన లెక్క ఒకటి, తప్పుగా చేసినది ఒకటి, రెండూ ఇచ్చి మళ్లీ చేయమనండి. తప్పుదే ఇస్తే తన తప్పు కోసమే పిలిచారని తెలిసిపోయి బిగుసుకుపోతాడు.

అడగాల్సిన మాట ఒక్కటే: "ఎలా చేశావో చెప్పమ్మా." "ఎందుకు తప్పు చేశావు" అని అడిగితే ఈ జన్మలో నిజం రాదు, "తెలీదు మేస్టారూ" అనే మాట వస్తుంది. అడిగాక మీరు మాట్లాడకూడదు. ఇది అన్నిటికంటే కష్టం. ఏళ్ల తరబడి చెప్పడం అలవాటైన నోరు మనది, పిల్లవాడు రెండో మాట అనేలోపే దిద్దేస్తాం. దిద్దకండి. తల కూడా ఊపకండి, మీ మొహం చూసి జవాబు మార్చేస్తాడు. వాడే చెబుతాడు: "రెండులోంచి ఏడు పోదు కదండి మేస్టారూ, అందుకని ఏడులోంచే రెండు తీసీసేను." ఆ మాట ఆ మాటగానే నోటుపుస్తకంలో రాసుకోండి. పుస్తకాల భాషలోకి మార్చి 'దశక మార్పిడి భావన అవగాహన కాలేదు' అని రాసుకుంటే, నెల తర్వాత చదివినప్పుడు ఆ పిల్లవాడు ఏమన్నాడో మీకే గుర్తుకు రాదు.

ఊహ సరైనదేనా అని చూడటానికి ఇంకో లెక్క ఇవ్వండి: 81లోంచి 36. 55 రాస్తే మీ ఊహ నిజం. 45 రాస్తే అదే ఒప్పు జవాబు, మొదటిసారి జరిగింది పొరపాటే కావచ్చు, ఇంకొకటి ఇచ్చి చూడండి.

ఇంకా రెండు జాగ్రత్తలున్నాయి. మొదటిది, వాక్యాల్లో ఇచ్చిన లెక్కయితే మీరు పైకి చదివి వినిపించి చేయమనండి. మీరు చదివితే చేసి, తాను చదువుకుంటే చేయలేకపోయాడంటే వాడికి కావలసింది లెక్కల రెమిడియల్ కాదు, తెలుగు చదవడం. ఏజెన్సీ అంచు మండలాల్లో, సవర, కువి ఇంటిభాషగా ఉన్న పిల్లల విషయంలో ఈ పరీక్ష చేయకుండా ఏ నిర్ణయానికీ రాకూడదు.

రెండోది, అదే లెక్కను డబ్బుతో అడగండి. యాభై రెండు రూపాయలున్నాయి, పదిహేడు రూపాయల సరుకు కొంటే ఎంత మిగులుతుంది అని. రేవులో చేపల బుట్ట దగ్గర అమ్మకి సాయం కూర్చునే పిల్లలు, ఉద్దానంలో సంతకి జీడిపప్పు తీసుకెళ్లే ఇళ్ల పిల్లలు టక్కున చెబుతారు. కాగితం మీద పెడితే ఆగిపోతారు. 2025లో నేచర్ పత్రికలో వచ్చిన అధ్యయనం ఇదే చెప్పింది. అభిజిత్ బెనర్జీ, ఎస్తేర్ డఫ్లో, వాళ్ల సహ పరిశోధకులు కోల్‌కతా, ఢిల్లీ బజార్లలో పనిచేసే పిల్లలని చూశారు. బేరం లెక్కలు నోటితో చేసే పిల్లలు బడి లెక్కలు చేయలేకపోయారు. బడికే వెళ్లే పిల్లలు బజారు లెక్కల దగ్గర తడబడ్డారు. నోటితో చేసే పిల్లవాడికి తీసివేత రాదని షీటులో రాయడం అన్యాయం. వాడికి నేర్పాల్సింది ఆ నోటిలెక్కని కాగితం మీదకి తేవడం.

ఈ పని మొత్తానికి ఒక పిల్లవాడికి పది నిమిషాలు చాలు. పనుల ఒత్తిడిలో హెచ్ఎం దీన్ని ఎవరికో అప్పజెప్పేస్తారు. అప్పజెప్పకూడదు. మొదటి విడత హెచ్ఎం స్వయంగా చేయాలి, లెక్కల టీచరు పక్కన కూర్చుని వినాలి.

షీటు టీచర్లకి పంపితే సరిపోదా?

సరిపోదు. దీనికి మన దగ్గరే జరిగిన పరిశోధన ఉంది. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ గ్రామీణ ప్రాథమిక పాఠశాలల్లో కార్తీక్ మురళీధరన్, వెంకటేశ్ సుందరరామన్ చేసిన అధ్యయనం 2010లో ఎకనామిక్ జర్నల్‌లో అచ్చయింది. పిల్లలకి పరీక్ష పెట్టి, ఎవరు ఎక్కడ వెనకబడ్డారో వివరంగా రిపోర్టులు రాసి టీచర్లకిచ్చారు, మధ్యమధ్యలో వచ్చి చూశారు. వచ్చి చూసినప్పుడు ఆ బడుల టీచర్లు మిగతా బడుల కంటే శ్రద్ధగా కనిపించారు. ఏడాది చివరి పరీక్షలో మాత్రం పిల్లల మార్కుల్లో తేడా లేదు. రిపోర్టు చేతికి వచ్చినంత మాత్రాన పాఠం మారదు. కాబట్టి షీటును వాట్సాప్ గ్రూపులో పెట్టి 'చర్య తీసుకోగలరు' అని రాసే అలవాటు మానాలి. పిల్లల మార్కులు గ్రూపుల్లో తిరగడం అసలే తప్పు.

సమావేశం

ఒక పీరియడ్, ఒక ప్రశ్న, అంతే. నెల మొదటి వారంలో, మధ్యాహ్న భోజనం తర్వాత కాకుండా పొద్దున్నే పెట్టండి. సెక్షన్లని పక్కపక్కన పెట్టి పోల్చకూడదు. 'బి సెక్షన్ ఎందుకు వెనకబడింది మేడమ్‌గారూ' అన్న ఒక్క మాటతో ఆ సంవత్సరానికి నిజాయితీ పోతుంది, వచ్చే పరీక్ష నుంచి జవాబులన్నీ ఒప్పులే వస్తాయి. తరగతి గదిలోని ఐఎఫ్‌పీ (పెద్ద టచ్ స్క్రీన్) మీద షీటు చూపిస్తే రోల్ నంబర్ల గడి కూడా దాచేయండి. నోటుపుస్తకంలో రాసుకున్న పిల్లల మాటలు చదివి వినిపించండి. వాటి మీద మేస్టార్లు వాళ్లంతట వాళ్లే మాట్లాడతారు.

అక్కడే తేల్చుకోవలసినవి: 45 బృందానికి ఎవరు, ఎప్పుడు, దేనితో చెబుతారు. పుల్లల కట్టలతో పదిని విప్పి చూపించడం ఈ తప్పుకి మంచి మందు. ప్రభుత్వ పాఠాల యాప్ దీక్షలో వీడియో ఉంటే చూపించండి, అయితే ఏ తప్పు కోసమో తేలాకే వెతకాలి. అభ్యాసానికి ఇలాంటి లెక్కలు ఓ ఇరవై కావాలంటే ఏఐతో చేయించుకోవచ్చు. ప్రతి లెక్కా మీరు చేసి చూసుకున్నాకే పిల్లలకివ్వండి. పిల్లల పేరున్న జవాబు పత్రం ఫొటో మాత్రం దానికి ఇవ్వద్దు.

మళ్లీ చెప్పడం, మళ్లీ చూడడం

రోజుకి ఇరవై నిమిషాలు, రెండు వారాలు. తరగతి ఏదైనా స్థాయిని బట్టి పిల్లలని కూర్చోబెట్టి చెప్పడం ప్రథమ్ అనే స్వచ్ఛంద సంస్థ ఎన్నో ఏళ్లుగా చేస్తున్న పని, దాని ఫలితాలని పరిశోధనలు గట్టిగా బలపరిచాయి. చదవడం విషయంలో వాళ్ల అసర్ సర్వేలో వాడే పరీక్ష కాగితమే వాడుకోండి. అక్షరాలు, పదాలు, ఒకటో తరగతి స్థాయి పేరా, రెండో తరగతి స్థాయి కథ, అన్నీ ఒక కాగితంలో ఉంటాయి, తెలుగులోనూ ఉంది. ఒక్కొక్కరినీ విడిగా కూర్చోబెట్టి చదివిస్తారు.

రెండు వారాల తర్వాత అంకెలు మార్చి అదే రకం లెక్క నాలుగు ఇవ్వండి. చూడవలసింది సగటు కాదు. పెద్దదాంట్లోంచి చిన్నది తీసేవాళ్లు ఇంకా ఎంతమంది మిగిలారన్నది చూడాలి. ఈ కాగితం మీద మార్కు వేయకండి, ఒక వాక్యం రాయండి. 1988లో రూత్ బట్లర్ ఇజ్రాయెల్ పిల్లలతో చేసిన ప్రయోగంలో వ్యాఖ్య మాత్రమే అందుకున్న పిల్లలు మెరుగుపడ్డారు. వ్యాఖ్యతోపాటు మార్కు కూడా అందుకున్నవాళ్లకి ఆ లాభం దక్కలేదు. మార్కు కనిపిస్తే పిల్లల కళ్లు దాని దగ్గరే ఆగిపోతాయి.

హాజరు గురించి

నెల శాతం చూడకండి. 86 శాతం అంటే అందరూ కాస్తకాస్త మానేశారో, అయిదుగురు నెలంతా రాలేదో తెలీదు. రోల్ నంబరు పక్కన మానేసిన తేదీలు రాయండి. ఊడుపులు, కోతలు, సిరిమాను ఉత్సవం, సంక్రాంతి, వీటి చుట్టూ పడేవి వేరు. అమ్మానాన్న చెన్నైకో హైదరాబాదుకో పనికి వెళ్లి, ముసలమ్మ దగ్గర ఉండిపోయిన పిల్లల గైర్హాజరు వేరు. వీళ్లు ఒక్కోరోజు తెగి తెగి మానేస్తారు, శాతంలో కనబడరు, లెక్కల్లో మాత్రం సరిగ్గా మధ్య మెట్లు పోగొట్టుకుని ఉంటారు. తప్పుల షీటును ఈ తేదీల పక్కన పెట్టి చూడండి.

తల్లిదండ్రులకి చెప్పేటప్పుడు

2011 జనాభా లెక్కల ప్రకారం విజయనగరం జిల్లాలో అక్షరాస్యత దాదాపు 59 శాతం, శ్రీకాకుళంలో దాదాపు 62. ప్రోగ్రెస్ కార్డు చదవలేని అమ్మ ముందు సీ గ్రేడు అనడంలో అర్థం లేదు. పిల్ల పాత కాగితం, కొత్త కాగితం పక్కపక్కన పెట్టి, అప్పుడు ఇలా చేసేది, ఇప్పుడు ఇలా చేస్తోందని పిల్ల చేతే చెప్పించండి.

ఫైలు

ఎక్సెల్ షీటు ప్రింటు, నోటుపుస్తకం, రెండు వారాల తర్వాతి కాగితాలు ఒకే ఫైల్లో పెట్టి తరగతి పేరు రాయండి. జూన్‌లో ఆ ఫైలు ఏడో తరగతి లెక్కల టీచరుకి అందాలి. మీకు బదిలీ అయితే ఛార్జి అప్పగించే కాగితాల్లో దీన్నీ చేర్చి, కొత్త హెచ్ఎంతో అరగంట కూర్చుని ఇంకా ఏ పిల్లలు ఏ తప్పు దగ్గర మిగిలారో చూపించి వెళ్లండి.