వైల్డ్ ఎండ్లర్ల పెంపకం – 4వ పాఠం: ఆడ చేపపిల్లలను ఎప్పుడు వేరు చేయాలి

ఎండ్లర్లంటే గప్పీలకు దగ్గరి చుట్టాలైన, గుడ్లు పెట్టకుండా నేరుగా పిల్లల్నే పెట్టే చిన్న అక్వేరియం చేపలు. పోయిన పాఠంతో వాటి ట్యాంక్ పని అయిపోయింది. స్పాంజ్ ఫిల్టర్ తిరుగుతోంది, జావా మాస్ అనే నీటి మొక్క అల్లుకుంటోంది, చేపల్ని అప్పుడే వదిలినవాళ్లకు ఈపాటికి పిల్లలు కూడా కనిపిస్తూ ఉంటాయి. ఎండ్లర్ల చేత పిల్లల్ని పెట్టించడానికి మనం చేయాల్సిందేమీ లేదండీ, నీళ్లు బాగుండి తిండి దొరికితే 23, 24 రోజులకోసారి వాటంతట అవే పెట్టేస్తాయి. ఆ పిల్లల తండ్రి ఎవరో ఎవరడిగినా తడబడకుండా చెప్పగలగాలి, అసలు పని అది. ఈ పాఠమంతా దాని గురించే.

ఎందుకింత పట్టింపు అంటే, ఎండ్లర్, గప్పీ రెండూ ఇట్టే కలిసిపోతాయి, పుట్టిన సంకరాలు కూడా మళ్లీ పిల్లల్ని పెడతాయి. అందుకే షాపుల్లో ఎండ్లర్ అని అమ్మేవాటిలో చాలావరకు గప్పీ రక్తం ఉంటుంది. పెంపకందార్లు వీటికి మూడు తరగతులు పెట్టుకున్నారు: ఏ చోట పట్టిన చేపల సంతానమో ఆధారంతో సహా తెలిస్తే ఎన్, చూడ్డానికి ఎండ్లరే కానీ ఆధారం లేకపోతే పి, గప్పీతో కలిసిందని తెలిస్తే కె. పి తరగతి చేప ఎంత ముచ్చటగా ఉన్నా ఎన్ కాలేదు, దాని పిల్లలూ కాలేవు.

వీటి సొంత ఊరు వెనిజులా ఈశాన్య తీరం. కుమనా పక్కన లగూనా దె పాతోస్ అనే మడుగులో 1937లో ఫ్రాంక్లిన్ బాండ్ వీటిని మొదట సేకరించాడు, ఆ తర్వాత అందరూ మరిచిపోయారు. 1975లో జాన్ ఎండ్లర్ అదే మడుగులో మళ్లీ పట్టాడు కాబట్టి జనం నోట ఆయన పేరే నిలిచింది. నాచు పట్టి పచ్చగా, వెచ్చగా, గట్టిగా ఉండే నీళ్లవి. అందుకే మన బోరు నీళ్లు వీటికి బాగా పడతాయి, ఆర్వో నీళ్లు పోస్తేనే ఇబ్బంది. శాస్త్రీయంగా వేరే జాతి అని పేరు పెట్టింది మాత్రం 2005లో: పొయిసీలియా వింగై. డెన్మార్క్ జన్యుశాస్త్రవేత్త వింగె మీద గౌరవంతో పెట్టిన పేరు.

ఈ వింగెతో మనకు పనుంది. గప్పీల్లో మగచేప రంగులు తండ్రి నుంచి కొడుక్కి ఎలా వస్తాయో 1920లలో తేల్చినవాళ్లలో ఆయనొకడు. చాలా రంగుల జన్యువులు వై క్రోమోజోమ్ మీద ఉంటాయి, అంటే తండ్రి మచ్చలు నేరుగా కొడుక్కి దిగుతాయి, మధ్యలో తల్లి ఊసే ఉండదు. దీని దెబ్బ ఎక్కడ తగులుతుందో చూడండి. మీ దగ్గర స్వచ్ఛమైన ఎండ్లర్ మగచేప ఉంది, షాపులో కొన్న ఆడచేపకేమో తండ్రి ఫ్యాన్సీ గప్పీ. రెండింటినీ కలిపితే పుట్టే మగపిల్లలు చాలావరకు తండ్రి పోలికే! నల్ల గీత, నారింజ మచ్చ అన్నీ ఉన్న చోటే ఉంటాయి. మీరు సంబరపడి పదిమందికీ పంచేస్తారు, వాటిలో దాగిన గప్పీ వాటా రెండు మూడు తరాల తర్వాత ఎవరి ట్యాంకులోనో వెడల్పు తోకగా బయటపడుతుంది. అందుకే మగపిల్లల అందం చూసి జాతి స్వచ్ఛతను తేల్చకండి. తల్లి ఎక్కడి నుంచి వచ్చిందో అడగండి, ఆడచేప చూడ్డానికి బూడిద రంగులో ఏ వివరమూ చెప్పకుండా ఉంటుంది కాబట్టి అడగడం తప్ప దారి లేదు.

రెండో చిక్కు ఇంకా పెద్దది. ఆడచేప ఒకసారి జతకట్టాక ఆ వీర్యాన్ని నెలల తరబడి లోపలే దాచుకుంటుంది. మగచేపను తీసేసినా వరుసగా కాన్పులు అవుతూనే ఉంటాయి. అందుకే ఇంకో ట్యాంకులో పెరిగిన పెద్ద ఆడచేపను తెచ్చి మీ మగచేపతో వదిలితే పుట్టే పిల్లలు ఎవరివో దేవుడికే తెలియాలి. మగచేప ముఖం చూడని ఆడపిల్లలు చేతిలో ఉంటేనే లెక్క తేలుతుంది, అలాంటివి కావాలంటే మనమే పెంచుకోవాలి.

ఇప్పుడు పనిలోకి దిగుదాం. పిల్లలు పుట్టిన తేదీ గ్లాసు మీద మార్కర్‌తో రాయండి. మూడో వారం దాటగానే పరీక్ష మొదలుపెట్టి, నాలుగో వారం ముగిసేలోపు విడదీత పూర్తి చేయాలి, తర్వాత బద్ధకిస్తే మొత్తం బ్యాచ్ పోయినట్టే. పిల్లను వలతో కాకుండా చిన్న గాజు గ్లాసుతోనే నీళ్లతో సహా ముంచి తీయండి, వెనక నుంచి ఫోన్ టార్చ్ వేయండి. పొట్ట కింద, తోకకు ముందు ఉండే ఒంటి రెక్కను చూడాలి. ఆడపిల్లకు అది విసనకర్రలా విచ్చుకుని ఉంటుంది, దాని పైన పొట్ట చివర నల్లటి నీడ లాంటి మచ్చ కనిపిస్తుంది. మగపిల్లకు ఆ రెక్క ముందు ముళ్లు మందమై, పొడవు సాగి, రెక్క మొత్తం సన్నబడుతూ వెనక్కి వాలుతుంది. ఇదే తర్వాత గోనోపోడియం, అంటే మగచేప జతకట్టే అవయవం అవుతుంది. ఒంటి మీద రంగు మెరిసేదాకా ఆగేవాళ్లుంటారు, నా మాట విని ఆగొద్దు, రెక్కనే నమ్మండి. పిల్ల కదులుతూనే ఉంటుంది, రెక్క ముడుచుకుంటే అందరూ మగపిల్లల్లాగే కనిపిస్తారు, ఒక నిమిషం ఓపిక పట్టి అది తిరిగేటప్పుడు చూడండి. అనుమానం వస్తే మగపిల్లే అనుకోండి. అనుమానపు పిల్లను ఆడపిల్లల్లో వేయకుండా విడిగా ఓ సీసాలో ఉంచి వారం తర్వాత మళ్లీ చూడండి. ఆడపిల్లల ట్యాంకులో ఒక్క మగపిల్ల దూరినా శ్రమంతా వృథా.

ఎంపిక దగ్గర చాలామందికి చేయి ఆగదు. అన్నింటికంటే మెరిసే మగచేపనే పెట్టుకుందామనిపిస్తుంది. కొన్ని తరాలు అలా చేస్తే గప్పీ కలవకపోయినా మీ దగ్గర ఉండేది వైల్డ్ రకం కాదు, మీ ఇష్టానికి తయారైన ఫ్యాన్సీ రకం. వంకర వెన్ను, సరిగా ఈదలేకపోవడం లాంటివి ఉంటే పక్కన పెట్టండి, మిగతా వాటిలో చేతికి అందినవి తీసుకోండి. ఒక మగచేపకు రెండు మూడు ఆడచేపలు, అలాంటి గుంపులు రెండు మూడు ట్యాంకుల్లో ఉంటే అప్పుడప్పుడు మగచేపల్ని అటూ ఇటూ మార్చుకోవచ్చు. లగూనా దె పాతోస్ చేపల్ని వెనిజులాలోనే ఇంకో చోటైన కంపోమా చేపలతో కలపడం మాత్రం వద్దు, రెండూ ఎండ్లర్లే అయినా చోటు వేరు.

ఇంకో మాట. ఊరి చెరువులోనో కాలవలోనో పట్టిన బూడిద రంగు చిన్న చేపను వైల్డ్ గప్పీ అనుకుని ఈ ట్యాంకులో వేయకండి. దోమల కోసం మున్సిపాలిటీ వాళ్లు వదిలే గంబూసియా కావొచ్చు, అది పిల్లల్ని మింగేస్తుంది, మిగతా వాటి తోకలు కొరికేస్తుంది. మన దగ్గర ఎక్కువైన ఎండ్లర్లను కూడా చెరువులో వదలొద్దు, పెంచేవాళ్లకే ఇవ్వండి.

ఈ వారం ఇంటిపని: ఒక కాన్పు పిల్లల్ని రోజూ టార్చ్ వెలుగులో చూసి, ఏ రోజు ఏ పిల్ల రెక్క మారిందో రాసుకోండి. పక్క పేజీలో తల్లి ఎక్కడిదో, తండ్రి ఎక్కడివాడో, పుట్టిన తేదీ ఏదో ఉండాలి. చేపను ఎవరికైనా ఇచ్చినప్పుడు ఆ పేజీ నకలు కూడా కవరు మీద అంటించి ఇవ్వండి. వచ్చే పాఠంలో చేపపిల్లలకు మేతగా వేసే ఆర్టీమియా అనే చిన్న ఉప్పునీటి రొయ్యల గుడ్లు పొదిగించడం, ఉప్పు ఎంత వేయాలి, ఖాళీ నీళ్ల సీసాను తలకిందులుగా ఎలా వాడాలి అన్నది చూద్దాం.