ఎచింగ్ ప్రింటు సరిగా రాలేదా? తప్పు ప్లేటుదా, ప్రింటింగ్‌దా ముందు తేల్చుకోండి

ఎచింగ్‌లో రాగి ప్లేటు మీది గీతలను యాసిడ్‌తో లోతు చేసి, వాటిలో ఇంకు నింపి కాగితం మీద అచ్చు తీస్తాం. ప్రింటు పాలిపోయి వస్తే చాలామంది విద్యార్థులు టెన్షన్‌తో ప్లేటును మళ్లీ యాసిడ్‌లో వేసేస్తారు. దయచేసి ఆగండి. ప్రింటింగ్‌లో తప్పు ఎన్నిసార్లయినా దిద్దుకోవచ్చు, కరిగిపోయిన రాగి మాత్రం తిరిగి రాదు. నేను ఒక మంచి ప్లేటును ఇలాగే పోగొట్టుకున్నాను.

గీతలు పాలిపోయాయి, మధ్యలో తెగాయి

ఇంకు తుడిచిన ప్లేటును లైటు కింద ఏటవాలుగా పట్టుకుని చూడండి. గీతల నిండా నల్లగా ఇంకు ఉంటే ప్లేటు బాగున్నట్టే. ఇంకు కాగితానికి ఎక్కలేదంటే కాగితం ఆరిపోయి ఉండాలి, లేదా ప్రెస్ ఒత్తిడి చాలలేదు. నానబెట్టిన కాగితాన్ని బ్లాటింగ్ పేపర్ల మధ్య అద్దాక పైన నీటి మెరుపు కనిపించకూడదు, కానీ చెంపకు ఆనిస్తే చల్లగా తగలాలి. ప్లేటు అంచు ముద్ర కాగితంలో లోతుగా దిగకపోతే ఒత్తిడి పెంచండి.

గీతలు ఖాళీగా కనిపిస్తే ఇంకు మరీ చిక్కగా ఉంది, లేదా ఎక్కువగా తుడిచేశారు. ప్లేటును కాస్త వేడిచేసి, ఇంకులో ఒకట్రెండు చుక్కల అవిసె నూనె కలపండి. టార్లటన్ గుడ్డను (గంజి పెట్టిన, వలలాంటి నూలు గుడ్డ) చదునుగా మడిచి పైపైన తుడవండి.

ఇవన్నీ చేసినా మారకపోతే ప్లేటు కడిగి, గీత మీద అడ్డంగా గోరు పోనివ్వండి. ఎక్కడా తట్టకపోతే అప్పుడు లోతు చాలనట్టు. గీసేటప్పుడు సూది, యాసిడ్ తగలకుండా ప్లేటుకు పూసే మైనపు పూత అయిన గ్రౌండ్‌ను దాటి లోహం దాకా వెళ్లి ఉండదు. యాసిడ్‌కు బదులు ఫెర్రిక్ క్లోరైడ్ ద్రావణం వాడితే గీతల్లో మడ్డి పేరుకుని కూడా పని ఆగిపోతుంది. అందుకే ప్లేటును ట్రే అడుగుకు తగలకుండా, బొమ్మ కిందికి ఉండేలా ఉంచాలి. పలుచగా గ్రౌండ్ మళ్లీ వేసి, అవే గీతలను సూదితో తెరిచి, ప్లేటును మళ్లీ యాసిడ్‌లో ఉంచండి.

అక్కర్లేని చోట చుక్కలు

జిడ్డు ఉన్నచోట గ్రౌండ్ అంటుకోదు, అక్కడ యాసిడ్ లోపలికి దిగి చుక్కలు పడతాయి. అందుకే గ్రౌండ్ వేసేముందు ప్లేటును శుభ్రం చేయాలి. సుద్దపొడితో రుద్ది నీళ్లు పోయండి. నీరు పూసల్లా విడిపోకుండా పొరలా పరుచుకుంటేనే జిడ్డు పోయినట్టు. ఇప్పటికే పడిన చుక్కలను నూనె బొట్టు వేసి, నునుపైన ఉక్కు పనిముట్టు బర్నిషర్‌తో నునుపు చేయండి, లోతైనవాటిని ముందు స్క్రేపర్‌తో గీకాలి.

నల్లగా రావాల్సిన చోట బూడిద మచ్చ

గీతలు మరీ దగ్గరగా గీస్తే వాటి మధ్య గోడలు కరిగి, అంతా ఒకే పల్లమవుతుంది. వెడల్పు పల్లంలో ఇంకు నిలవదు, గుడ్డతోపాటే వచ్చేస్తుంది. అక్కడ ఆక్వాటింట్ (రెసిన్ పొడి అంటించి, ప్లేటు సన్నగా గరుకెక్కేలా యాసిడ్ పట్టించే పద్ధతి) వేస్తే ఆ గరుకుదనం ఇంకును పట్టుకుంటుంది.

ప్లేటు అంచు కాగితాన్ని కోస్తోంది

అంచులను ఆకురాయితో సుమారు 45 డిగ్రీల వాలుగా అరగదీయండి. లేకపోతే ప్రెస్‌లో కాగితం మీద పరిచే ఉన్ని ఫెల్టులు కూడా తెగుతాయి.