కృష్ణలో బోటు తిప్పేవాళ్లు, ఎక్కేవాళ్లు చూసుకోవాల్సిన లైఫ్ జాకెట్ లెక్కలు

2017 నవంబరు 12, కార్తీక ఆదివారం. విజయవాడ పక్కన ఇబ్రహీంపట్నంలో, గోదావరి నీళ్లు కృష్ణలో కలిసే పవిత్ర సంగమం దగ్గర బోటు బోల్తాపడి 20 మందికి పైగా పోయారు. పర్యాటకులను తిప్పే అనుమతే లేని బోటు అది. అందుకే పున్నమి ఘాట్‌లో అయినా, మరే రేవులో అయినా మొదట కాగితాలు చూడాలి, ఆ తర్వాత జాకెట్లు.

ఇంజిను ఉన్న ప్రతి బోటుకూ 1917 నాటి పాత చట్టం పోయి 2021 ఇన్‌లాండ్ వెసల్స్ చట్టం వర్తిస్తుంది. రిజిస్ట్రేషన్, బోటును తనిఖీ చేసి ఇచ్చే సర్వే సర్టిఫికెట్, బీమా, నడిపేవాడి యోగ్యతా పత్రం కావాలి. సర్వే సర్టిఫికెట్‌లో ఎంతమందిని ఎక్కించవచ్చో ఉంటుంది. ఆ అంకెను ఎక్కేచోట పెద్దక్షరాలతో రాయించండి. అందులో 30 అని ఉంటే జాకెట్లు 30 తెస్తే చాలదు. బోటు నడిపే సరంగు, ఇద్దరు కళాసీలతో (పనివాళ్లతో) కలిపి 33 కావాలి, పిల్లలవి విడిగా ఉంచాలి. సముద్రంలో తిరిగే ప్రయాణికుల ఓడల్లో పిల్లల జాకెట్లు ప్రయాణికుల సంఖ్యలో కనీసం పదో వంతు ఉండాలన్నది అంతర్జాతీయ నియమం. వనభోజనాల రోజుల్లో భవానీ ద్వీపానికి వెళ్లే బోట్లకు అది ఏ మూలకూ సరిపోదు. ప్రతి పిల్లకూ ఒకటి ఉండాల్సిందే.

జాకెట్ కొనేటప్పుడు రంగు కాదు, లోపలి లేబుల్ మీద న్యూటన్ల అంకె చూడండి. 10 న్యూటన్లంటే సుమారు కిలో బరువును నీళ్లలో పైకి ఎత్తే బలం. 50 అని ఉన్నది ఈత వచ్చినవాళ్లు ఒడ్డు దగ్గర వేసుకునేది. స్పృహ తప్పిన మనిషిని అది వెల్లకిలా తిప్పదు, ముఖం నీళ్లలోనే ఉండిపోతుంది. ప్రయాణికులకు మెడ వెనక కాలర్ ఉన్న 100 న్యూటన్లది తీసుకోండి. పిల్లలకు వయసు కాదు, బరువు లెక్క: 15 కిలోల లోపు ఒక సైజు, 15 నుంచి 43 కిలోల దాకా మరొకటి, ఆపైన పెద్దలది. పిల్లల జాకెట్‌కు కాళ్ల మధ్య నుంచి తెచ్చి బిగించే పట్టీ లేకపోతే నీళ్లలో పడగానే జాకెట్ తేలుతుంది, పిల్ల కిందికి జారిపోతుంది.

వేసుకున్నాక బకిళ్లన్నీ పెట్టి, భుజాల దగ్గర రెండు చేతులతో పట్టుకుని పైకి లాగి చూడండి. గడ్డం దాటి చెవులదాకా వస్తే వదులుగా ఉన్నట్టే. చీర కట్టుకున్నవాళ్లు పైటను జాకెట్ లోపలికి దోపుకుని పట్టీలు పైన బిగించాలి. పైట కిందకి వెళ్లిన బకిల్‌ను ఆపదలో ఎవరూ వెతికి పట్టుకోలేరు.

పాడయ్యేది ఎక్కువగా మన వాడకం వల్లే. జాకెట్లను మెత్తగా ఉన్నాయని సీటు మీద వేసుకుని కూర్చుంటే లోపలి ఫోమ్ అణిగిపోయి తేలే శక్తి తగ్గుతుంది. బెజవాడ ఎండకు బట్ట, కుట్టుదారం రెండూ బలం పోతాయి. తడిసినవి నీడలో ఆరేయండి. ఆరు నెలలకోసారి ఒక పరీక్ష చేయండి: 100 న్యూటన్ల పెద్దల జాకెట్‌కు 5 కిలోల ఇనుప తూకం రాళ్లు రెండు కట్టి నీళ్ల తొట్టెలో ఒక రోజంతా ఉంచండి. రాళ్లతో కలిసి తేలుతూనే ఉండాలి. మునిగితే కత్తిరించి పారేయండి, మళ్లీ వరసలో పెట్టొద్దు.

నీళ్లలో పడ్డవాళ్లకు విసిరే తేలే చక్రం, లైఫ్ బాయ్‌కు నైలాన్ తాడు కడుతుంటారు. నైలాన్ మునుగుతుంది, ప్రొపెల్లర్‌కు చుట్టుకుంటుంది. తేలే పాలీప్రొపిలిన్ తాడు 8 మిల్లీమీటర్ల మందంలో 30 మీటర్లు కట్టండి. బాయ్‌ను కమ్మీకి ముడేసి బిగించకండి, కొక్కేనికి తగిలించండి. ఒక్క చేత్తో తీసి విసరగలగాలి.

మంటలార్పే సిలిండర్ ఏబీసీ పొడిది (కట్టె, డీజిల్ లాంటి పలు రకాల మంటలకు పనికొచ్చేది) ఉండాలి. డీజిల్ మంట మీద నీళ్లు పోస్తే మంట ఇంకా పాకుతుంది. సిలిండర్ మీటరు ముల్లు పచ్చగీతలో ఉంటే చాలదు, ఇంజిను అదురుకు పొడి అడుగున గడ్డ కడుతుంది కాబట్టి నెలకోసారి తలకిందులుగా చేసి కదపండి. దాన్ని ఇంజిను పక్కన కాకుండా బయటికొచ్చే దారిలో తగిలించండి.

ఇక వరద. ప్రకాశం బ్యారేజీ దగ్గర మొదటి ప్రమాద హెచ్చరిక 3.97 లక్షల క్యూసెక్కులకు. అంతదాకా ఆగొద్దు, ఎగువ నుంచి నీళ్లు వదులుతున్నారన్న కబురు రాగానే బోట్లు ఆపేయండి. 2024 సెప్టెంబరు మొదట్లో 11 లక్షల క్యూసెక్కులు దాటిన వరదలో కొట్టుకొచ్చిన బోట్లు గేట్లను గుద్ది, వాటిని ఎత్తడానికి తోడ్పడే బరువు దిమ్మెలను (కౌంటర్ వెయిట్లను) దెబ్బతీశాయి. బోటు కట్టడానికి ఒకే తాడు, ఒకే గుంజ చాలవు. ముందూ వెనకా వేర్వేరు తాళ్లతో రెండు చోట్ల కట్టండి, నీటిమట్టం పెరిగేకొద్దీ రాత్రి కూడా ఒకరు కాపలా ఉండి తాళ్లు వదులు చేస్తుండాలి. బిగుసుకున్న తాడు పుటుక్కున తెగుతుంది.